డోర్నకల్ కాపరి అజరయ్యగారు – సంఘైక్యత కొరకైన ప్రయాస

ధ్యానమునకు వాక్యభాగములు: యోహాను సువార్త 17వ అధ్యాయము 20 నుండి 23 వరకు, 1 కొరింథీయులకు 1వ అధ్యాయము 10 నుండి 13 వరకు, రోమీయులకు 14వ అధ్యాయము.



భద్రాచలమునకు ఎగువను, గోదావరి యొడ్డున, దుమ్ముగూడెము అను గ్రామము కలదు. ఆర్థరు కాటన్ దొరగారి ఆలోచన ప్రకారము గోదావరిమీద పడవలు నడుపుటకై అక్కడ ఆనకట్ట, కాలువ కట్టించుచున్న దినములలో, ఆ పనిమీద నున్న హేగ్ అను ఇంజనీరుగారు చుట్టుపట్ల నున్న కోయవారి మధ్య సువార్త పనికి పునాది వేసెను. అది 1860 ప్రాంతపు మాట. తరువాత జాన్ కెయిన్ అను దొరగారు వచ్చి, కోయవారి భాషను, ఆచారములను నేర్చుకొని, ఆ యడవి పల్లెలలో అనేక సంవత్సరములు తిరిగెను. పడవల పని 1871లో ఆగిపోయినది గాని సువార్త పని ఆగలేదు. మన ప్రాంతమందలి సంఘములకు అది మొదటి విత్తనములలో నొకటి.

ఆ విత్తనము వేసినవారు ఒక మిషనువారు. గోదావరి దిగువను నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో 1836వ సంవత్సరములో బౌడన్, బీర్ అను సహోదరులు వచ్చి బ్రదరెన్ సంఘములను నాటిరి. బందరులో నోబులుగారు, ఫాక్సుగారు 1841లో ఆంగ్లికను మిషను ప్రారంభించిరి. మరుసటి సంవత్సరమే గుంటూరునకు హేయర్‌గారు వచ్చి లూథరను పని మొదలుపెట్టెను. ఒంగోలులో క్లౌగారు బాప్టిస్టులు. మెదక్ ప్రాంతములో పోస్నెట్‌గారు వెస్లియన్ మెథడిస్టులు. జమ్మలమడుగులో లండన్ మిషను. ఒకరి పొలములో మరియొకరు అడుగుపెట్టకుండునట్లు మిషనులవారు తమలో తాము ఎల్లలు ఏర్పరచుకొనిరి. అందువలన మన తాతముత్తాతలు ఏ బోధను పరిశోధించి ఏ సంఘమును కోరుకొనిరని అడిగినచో, చాలమంది విషయములో సత్యమైన ఉత్తరము ఒక్కటే. వారి పల్లె ఏ మిషను ఎల్లలో పడినదో ఆ సంఘపువారైరి.

అయినను ఈనాడు మన పల్లెలలో ఏమి చూచుచున్నాము? నలువది గడపల పేటలో రెండు మూడు ప్రార్థన మందిరములు. చంటిబిడ్డకు బాప్తిస్మము ఇయ్యవచ్చునా కూడదా, నీళ్లు చల్లవలెనా ముంచవలెనా, బిషప్పులు ఉండవలెనా పెద్దలు చాలునా, ఒకరి బల్లయొద్ద మరియొకరు రొట్టె విరువవచ్చునా అను తర్కములు. అన్నదమ్ముల పిల్లలైనను ఆదివారము ఎదురుపడినప్పుడు ముఖము త్రిప్పుకొందురు. పెండ్లి వచ్చినను చావు వచ్చినను ఈ కలహము బయటపడును. ఈ కలతను ముందుగానే చూచి, తన జీవితకాలములో సగము దీని నిమిత్తమే ధారపోసిన ఒక కాపరి మన సమీపముననే జీవించెను. ఆయనే డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. ఆయన నిద్రించి ఎనుబది సంవత్సరములు దాటినవి. ఆయన జీవితమును ఈ మాసము ధ్యానింతము.

బాల్యము, పిలుపు

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశములో తిరునెల్వేలి జిల్లా వెళ్లాళన్‌విళై అను పల్లెలో పుట్టెను. తండ్రి థామస్ వేదనాయకముగారు హిందూ కుటుంబమునుండి క్రీస్తును అంగీకరించి పాదిరిగా పనిచేసినవారు. తండ్రి పోయిన తరువాత భక్తిగల తల్లి ఆ బాలుని పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని, పరీక్షలవేళ జబ్బుపడి పట్టా పుచ్చుకొనలేకపోయెను. ఆ లోటు ఆయనను క్రుంగదీయలేదు. 1895 మొదలుకొని వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగి యౌవనస్థుల మధ్య పనిచేసెను. 1898లో అన్బు అమ్మగారిని వివాహమాడెను. ఆ దినములలో స్త్రీలు కళాశాలకు వెళ్లుట బహు అరుదు. ఆమె అట్లు చదివినది. డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనిలో ఆమె ఆయనకు కుడిభుజముగా నుండెను.

ఈ తిరుగుటలోనే ఆయన కన్నులు తెరువబడెను. వై.ఎం.సి.ఏ. కూటములలో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు కలిసి పాడిరి, కలిసి మోకరించిరి. ఆదివారము రాగానే ఒక్కొక్కరు ఒక్కొక్క గుడికి విడిపోయిరి. శనివారము ఒకే తండ్రికి ప్రార్థించినవారు ఆదివారము ఒకే బల్లయొద్ద ఏల కూర్చుండరాదు అను ప్రశ్న ఆయన హృదయములో ముల్లువలె నాటుకొనెను.

1902లో ఆయన యాఫ్నాకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను దూరదేశమునకు పంపుటను చూచెను. తన తిరునెల్వేలి సంఘము వయస్సులో ఎంతో పెద్దదయ్యు అట్టి పని చేయలేదని సిగ్గుపడెను. మరుసటి సంవత్సరము, అనగా 1903లో, తిరునెల్వేలి ఇండియను మిషనరీ సంఘము ఏర్పడెను. 1905లో క్రిస్మసు దినమున శ్రీరాంపురములో జాతీయ మిషనరీ సంఘము ఏర్పడుటలోను ఆయన ముఖ్యుడు.

నైజాము రాజ్యమునకు రాక

తిరునెల్వేలివారు తమ పనికి తెలుగుదేశమును కోరుకొనిరి. నైజాము రాజ్యములో మానుకోట, డోర్నకల్ ప్రాంతములు వారి పొలమాయెను. మొదట పంపబడిన సువార్తికుడు శామ్యూల్ పాక్యనాథన్‌గారు. ఇతరులను పంపి తాను ఇంటియొద్ద నుండుట అజరయ్యగారికి సరిపడలేదు. ముప్పది అయిదేండ్ల వయస్సులో, 1909లో, గురుత్వాభిషేకము పొంది, మంచి ఉద్యోగము వదలి, తానే డోర్నకల్‌కు వచ్చెను. తమిళుడైన ఆయన ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్దుకొని, ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెపల్లెకు తిరిగెను. అప్పటి డోర్నకల్ చుట్టును అడవియే. రైలుబండి ఖమ్మము వైపునకు ఒకటి, కొత్తగూడెపు బొగ్గుగనుల వైపునకు ఒకటి చీలు జంక్షను అది. ఆ రెండవ మార్గమున కొత్తగూడెపు స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు.

1910లో ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అక్కడ అజరయ్యగారు లేచి, తెల్లదొరలు మనవారికొరకు ఎన్నియో త్యాగములు చేసినను, మనవారిని సమానులుగా, స్నేహితులుగా ఎంచుటలో లోపమున్నదని నెమ్మదిగాను స్పష్టముగాను చెప్పెను. కొందరు నొచ్చుకొనిరి. సంఘైక్యతకు మొదటి మెట్టు అదియే. హృదయములు కలియక కాగితములమీద వ్రాసుకొనిన ఐక్యత నిలువదని ఆయన గ్రహించెను.

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ మహాదేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘములో భారతీయునికి ఈ పదవి దొరుకుట అదే మొదటిసారి. అంతకుముందు ఆయన జాతినిబట్టియు, కులమునుబట్టియు అభ్యంతరము చెప్పినవారు దొరలలోను ఉండిరి, మనవారిలోను ఉండిరి. మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు మాత్రము ఆయన పక్షమున నిలిచిరి.

పల్లెలలో మొదటి ఐక్యత

బోధలోని భేదములకంటె ముందు ఆయనకు ఎదురైనది కులభేదము. డోర్నకల్ మండలములోని విశ్వాసులు అధికభాగము మాలపల్లెలవారు, మాదిగపల్లెలవారు. ఇరువురును ఒకే క్రీస్తును నమ్మిరి గాని, ఒకరి బావినీళ్లు మరియొకరు ముట్టరు. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో త్రాగి, గుడి బయటికి వచ్చి వేరువేరు పంక్తులలో కూర్చుండుట సువార్తకు అవమానమని ఆయన ఎడతెగక బోధించెను. ఇది ఒక దినములో సాధించిన పని కాదు. ఈనాటికిని పూర్తియైన పని కాదు.

అపరిశుభ్రత, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడవలెనని ఆయన సంఘములకు నేర్పెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలమీద తానే చేయి పెట్టుకొని, సువార్త ప్రకటింపకపోయిన యెడల తనకు శ్రమయని ఒప్పుకొనునట్లు చేసెను. కూలివాడును సాక్షియే, పసులకాపరియు సాక్షియే. కొన్ని పల్లెలలో పేటవారి నడత మారుట చూచి ఊరిలోని రైతుకులములవారును ప్రభువునొద్దకు వచ్చిరి. 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతముల సంఘములును ఆయన కాపుదలలోనికి వచ్చెను. 1940 తరువాతి లెక్కలలో ఆయన మండలపు విశ్వాసులు రెండు లక్షలు దాటిరి.

ఈ పనియే ఆయనకు ఐక్యతయొక్క అగత్యమును నేర్పినది. కోతలకాలమున కూలికి ఒక తాలూకానుండి మరియొక తాలూకాకు వెళ్లిన విశ్వాసి అక్కడి సంఘములో పరాయివాడగుచుండెను. తన పాదిరి ఇచ్చిన చీటి అక్కడి పాదిరికి చెల్లదు. దేవుడు ఒక్కడే అని వినిన గ్రామస్థుడు, ఆ దేవుని పిల్లలు ఇందరుగా ఏల చీలిరని అడిగినప్పుడు ఉత్తరమేమి? ఐరోపాలో వందల యేండ్లనాడు జరిగిన తగవులను మునగాలలోని కూలివాని నెత్తిన ఏల పెట్టవలెను? అవిశ్వాసుల మధ్య చీలియున్న సంఘము తన సాక్ష్యమును తానే చెరుపుకొనునని ఆయన నమ్మెను. యోహాను సువార్త 17వ అధ్యాయములో మన ప్రభువు చేసిన ప్రార్థనలో, శిష్యుల ఐక్యతకును లోకము విశ్వసించుటకును నున్న సంబంధమే దీనికి ఆధారము.

తరంగంబాడి కూటము

1919వ సంవత్సరము మే నెల మొదటి దినములలో తరంగంబాడిలో ఒక చిన్న కూటము జరిగెను. 1706లో జీగెన్‌బాల్గుగారు దిగిన రేవు అది. మన దేశమునకు ప్రొటెస్టెంటు సువార్త వచ్చిన ద్వారము. వచ్చినవారు 33 మంది. ఇద్దరు తప్ప అందరును మన దేశస్థులే. ఒక వైపున ఆంగ్లికనులు, మరియొక వైపున 1908లో కాంగ్రిగేషనలు, ప్రెస్బిటేరియను సంఘములు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారు. అజరయ్యగారును, ఐక్య సంఘపు శాంతియాగోగారును ఇందులో ముఖ్యులు.

ప్రార్థించి, మాటలాడుకొని, వారు ఒక ప్రకటన వ్రాసిరి. అందులో మనము గమనింపవలసిన సంగతి యున్నది. ఐక్యత పేరట సత్యమును అమ్ముకొనుటకు వారిలో ఎవరును ఒప్పుకొనలేదు. పరిశుద్ధ గ్రంథము రక్షణకు చాలినదనియు, అపొస్తలుల విశ్వాసప్రమాణము, నైసియా విశ్వాసప్రమాణము మన విశ్వాసమునకు హద్దులనియు, బాప్తిస్మము, ప్రభువు బల్ల అను రెండు సంస్కారములు ప్రభువే నియమించినవనియు ఒప్పుకొనిరి. ఇవి మూలములు. వీటివిషయమై తగవులేదు. తగవున్నది నాల్గవ సంగతిలో, అనగా పరిచర్యలో. బిషప్పుల పరంపర విడువరాదని ఆంగ్లికనులు పట్టుబట్టిరి. విశ్వాసులందరు దేవునియెదుట సమానులనియు, ఒకరి పరిచర్యను మరియొకరు తక్కువ చేయరాదనియు ఐక్య సంఘమువారు పట్టుబట్టిరి. ఇద్దరి మాటయు ఉంచవలెను, ఇద్దరును కలియవలెను. ఇది తేలిక పని కాదు.

ఇరువదియెనిమిది సంవత్సరములు

1920లో రెండు సంఘముల కమిటీ ఏర్పడెను. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చేరిరి. 1929లో ఐక్యతాపత్రపు చిత్తుప్రతి అచ్చాయెను. 1927లో లోసాన్ పట్టణపు మహాసభలోను, 1930లో లాంబెత్ బిషప్పుల సభలోను అజరయ్యగారు ఈ విషయమై వాదించెను. పాశ్చాత్యులకు చీలిక అనునది అలవాటైన దుఃఖము కావచ్చును గాని, ఇప్పుడిప్పుడే విశ్వసించు పల్లెలకు అది ప్రాణాంతకమని ఆయన మొరపెట్టెను. ఇంగ్లాండునందలి కొందరు, బిషప్పులచేత అభిషేకము పొందని పాదిరులను అంగీకరించినచో సంఘమే చెడిపోవునని భయపడిరి. మన దేశమందలి కొందరు, బిషప్పులను ఒప్పుకొనినచో స్వాతంత్ర్యము పోవునని భయపడిరి. ప్రతి సంవత్సరమును ఒక మాట తీసివేయుట, మరియొక మాట చేర్చుట. ఆయనకు విసుగుపుట్టిన దినములు లేకపోలేదు గాని, నాగలిమీద చేయి తీయలేదు.

తుదకు దొరికిన మార్గమేమనగా, కలిసిన సంఘములలో అప్పటికే యున్న పాదిరులందరు పాదిరులుగానే అంగీకరింపబడవలెను, ఎవరినిని మరల అభిషేకింపరాదు. ఇకమీదట అభిషేకము బిషప్పులచేతనే జరుగవలెను. ఏ సంఘముమీదను దాని మనస్సాక్షికి విరోధమైన పరిచారకుని బలవంతముగా పంపరాదు. ఈ విధముగా ముప్పది సంవత్సరములు కలిసి నడచి, తరువాత మిగిలిన సంగతులు ఆలోచింపవలెను. బాప్తిస్మము విషయములోను, చంటిబిడ్డలుగా పొందువారికిని, పెద్దయై ఒప్పుకొని పొందువారికిని చోటుంచిరి. ఎవరును ఓడలేదు. అందరును కొంత వంగిరి.

ఇంతలో డోర్నకల్‌లో ఆయన కట్టించుచున్న మహాదేవాలయము 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములను, స్తంభములను చూచినవారు అది సీమనుండి తెచ్చిపెట్టిన గుడి కాదని వెంటనే గ్రహింతురు. ఈ దేశపు కట్టడపు తీరులలో క్రీస్తును ఆరాధించు ఇల్లు అది. దానిని కట్టుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టెను. ఐక్యత కట్టడమును ఆయన కన్నులు చూడలేదు. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించెను. అప్పటికి సంఘములన్నియు తమ చివరి సమ్మతి తెలుపలేదు.

1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన, దేశమునకు స్వరాజ్యము వచ్చిన ఆరువారములకు, మద్రాసు సెయింట్ జార్జి మహాదేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. పదునాలుగు మండలములు, దాదాపు పది లక్షల విశ్వాసులు. బిషప్పులు గల సంఘమును, బిషప్పులు లేని సంఘములును ఇట్లు కలియుట లోకములో అదే మొదటిసారి. మెదక్ మెథడిస్టులును డోర్నకల్ ఆంగ్లికనులును ఒకే సంఘపు బిడ్డలైరి.

మనము నేర్చుకొనవలసినది

అంతయు జయమే అని చెప్పినచో అది సత్యము కాదు. ఆయన కాపుదలలోనే యుండిన నంద్యాల ప్రాంతపు సంఘములలో అనేకులు 1947లో ఈ ఐక్యతకు ఒప్పుకొనక, బహు సంవత్సరములు వెలుపలనే యుండిరి. ఐక్యతకొరకు పాటుపడినవాని ఇంటిలోనే చీలిక వచ్చెను. లూథరనులు, తెలుగు బాప్టిస్టులు, బ్రదరెన్‌వారు చేరలేదు. వారి కారణములు వారికి కలవు. మనస్సాక్షినిబట్టి నిలిచినవానిని మనము దూషింపరాదు. అయినను 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడినప్పుడు, బాప్టిస్టులు, లూథరనులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘమువారు తమ పాదిరులను ఒకే బడిలో చదివించుటకు సమ్మతించిరి. గుడులు వేరైనను బల్లలు దగ్గరకు జరిగెను.

అజరయ్యగారి జీవితమునుండి మన పల్లె సంఘములు మూడు సంగతులు తీసికొనవచ్చును.

మొదటిది, మూలమేది, కొమ్మయేది అని తెలిసికొనుట. క్రీస్తు దేవుని కుమారుడు, మన పాపములకొరకు సిలువవేయబడి లేచెను, మరల వచ్చును, గ్రంథము దేవుని వాక్యము. ఇవి వేరులు. వీటిని విడిచి చేయు ఐక్యత వేరులేని చెట్టు. అయితే నీళ్ల కొలత, బల్ల వేళ, పాదిరి అంగీ వేరులతో సమానమని పోరాడుట కొమ్మకొరకు చెట్టును నరుకుటయే. రోమీయులకు 14వ అధ్యాయములో అపొస్తలుడు ఆహారపానములవిషయమై నేర్పినది ఈ నీతియే.

రెండవది, ఓపిక. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో యెరూషలేము సంఘము కూర్చుండి, విని, సాక్ష్యములను తూచి, అప్పుడు తీర్మానించెను. అజరయ్యగారు ఇరువదియయిదు సంవత్సరములకు పైగా అట్లే కూర్చుండెను. మన సంఘములో ఒక్క కమిటీ కూటములో కోపము వచ్చి, మరుసటి ఆదివారము వేరు పందిరి వేయు తొందర ఎక్కడనుండి వచ్చినది?

మూడవది, మనవారిలోనే మొదలుపెట్టుట. పంక్తిభోజనములో కలియనివారు విశ్వాసప్రమాణములో కలిసిన ప్రయోజనమేమి? పేటలోని రెండవ మందిరపువాని ఇంటిలో చావు వచ్చినప్పుడు మొదట వెళ్లి పాడె మోయువాడే ఐక్యతాపత్రమును చదివినవాడు.

ఈ మాసములో ప్రతి కుటుంబము యోహాను 17వ అధ్యాయమును చదివి, తమ ఊరిలోని ఇతర సంఘపు ఒక కుటుంబము పేరు పెట్టి ప్రార్థించుడి. సాధ్యమైనచో వారి గడప త్రొక్కి రండి. వారి బోధ మీకు నచ్చకపోవచ్చును, మీ బోధ వారికి నచ్చకపోవచ్చును. కాని డోర్నకల్ మహాదేవాలయపు నీడను నిద్రించుచున్న ఆ కాపరి, ఆ గడపనుండియే పని మొదలుపెట్టెను.

ప్రార్థన: మంచి కాపరివైన ప్రభువా, నీ మందలోనుండి తొలగినవారినిగాని, మాకు వేరుగా మేయుచున్నవారినిగాని శత్రువులుగా ఎంచకుండ మమ్మును కాపాడుము. సత్యమును విడువని ప్రేమను, ప్రేమను విడువని సత్యమును మాకు దయచేయుము. ఆమేన్.